పులుల అడవికి మొక్కు మేకతో

శంషాబాద్ నుంచి నల్లమలకు పోవాలనుకునేవాళ్లకు ముందుగా మూడు మాటలు. పెందలాడే బయల్దేరండి. తాగే నీళ్లు ఎక్కువ పెట్టుకోండి. బండిలో మేకను ఎక్కించుకోకండి. మొదటి రెండూ మీకు ఎవరైనా చెప్తారు. మూడోది చెప్పేంత అనుభవం మాత్రం మా ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండదని నా నమ్మకం.

ఇది 2012 డిసెంబర్ సంగతి. ఈ యాత్రకు మూలపురుషుడు మా బావ యాదయ్య. ఇప్పుడు విమానాలు దిగేచోట ఒకప్పుడు ఆయనకు జొన్నచేను ఉండేది. చలికాలమంతా మంచె మీద గొంగడి కప్పుకుని పడుకుని, రేకు డబ్బా మోగిస్తూ అడవి పందుల్ని తోలిన మనిషి. చేను ఎయిర్‌పోర్టులో కలిసిపోయింది. వచ్చిన డబ్బు కొంత స్లాబు ఇల్లయింది, కొంత చెల్లెళ్ల పెళ్లిళ్లయింది, మిగిలింది ఏడు సీట్ల బండి అయింది. ఆ బండేసుకుని ఆయన రోజూ మళ్లీ అక్కడికే పోతాడు. కాకపోతే ఇప్పుడు సొంత చేలోకి పోవడానికి ట్యాక్సీల లైన్లో నిలబడాలి. పిలుపొచ్చేదాకా సీటు వెనక్కి వాల్చి కునుకు తియ్యాలి. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, ఇంటికి ఎప్పుడొస్తాడో అంతకన్నా తెలియదు. మూడేళ్లలో మనిషి సగమయ్యాడు.

ఆ లైన్లో దొరికినవారే శ్రీనివాస్ గారు. విజయవాడ వైపు నుంచి వచ్చి గచ్చిబౌలిలో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ మేనేజర్. విమానం దిగినప్పుడల్లా మా బావకే ఫోన్ చేస్తారు. ఒకసారి ఇంటికి పోయే దారిలో విదేశంలో తాను చూసిన పర్వతాల నేషనల్ పార్కు ఫోటోలు సెల్‌ఫోన్లో చూపించారట. మంచుకొండ, చెరువు, చెరువు పక్కన చిన్న గుడారం, గుడారం ముందు శ్రీనివాస్ గారు, చేతిలో కప్పు.

"ఇలాంటివి మన దగ్గరెందుకు చెయ్యరండీ?" అని ఆయన బాధపడ్డారు.

"చేస్తం సార్," అన్నాడు మా బావ.

ఆయన జీవితంలోని కష్టాలన్నీ ఈ రెండు మాటలతోనే మొదలయ్యాయి. శ్రీనివాస్ గారు అంతటితో ఊరుకోలేదు. వాళ్ల ఆఫీసుకు రాత్రి డ్యూటీ ఉద్యోగుల్ని తెచ్చి దింపే కాంట్రాక్ట్ ఒకటి ఖాళీగా ఉందని, ఈ ట్రిప్పు బాగా నడిపిస్తే తాను గట్టిగా మాట్లాడతానని అన్నారు. కాంట్రాక్ట్ వస్తే నెలనెలా జీతంలా డబ్బు, టైముకు ఇల్లు, ఎయిర్‌పోర్టు లైనుకు దండం. మా బావకు ఆ వారమంతా నిద్ర పట్టలేదు.

ఇక మా అక్క సత్తెమ్మ లెక్క వేరు. బండి కొన్ననాడే మైసిగండి అమ్మవారికి మేకపోతును మొక్కుకుంది. ఏడాది గడిచినా బండికి గాని, తోలే మనిషికి గాని ఏ దెబ్బా తగలకపోతే ఇస్తానని. ఏడాది కాదు, మూడేళ్లు గడిచాయి, దెబ్బ తగల్లేదు, మొక్కూ తీరలేదు. "అమ్మవారు ఎన్ని దినాలు ఆగుతది?" అని అక్క రోజూ అడుగుతోంది. మైసిగండి శ్రీశైలం రోడ్డు మీదే ఉంది. మా బావ బుర్రలో మెరుపు మెరిసింది.

"ఒక్క డీజిల్ల రెండు పనులైతయి బామ్మర్దీ," అన్నాడు నాతో. "పొద్దుగాల మైసిగండి కాడ మేకను కోపిస్తం. మొక్కు తీరుతది. గా మటన్ డబ్బాలల్ల పెట్టుకొని అడవికి పోతం. సార్‌కు మంట మీద కాల్చి పెడితే ఖుష్."

"నేనెందుకు బావా మధ్యన?"

"నువ్వు గైడ్‌వి. ఇంగ్లీష్ల పులి గురించి చెప్పు."

నేను సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్తాను. అడవుల గురించి మా పుస్తకంలో పేజీన్నర ఉంటుంది. అందులో పులి బొమ్మ ఉంది, పులి గురించి మాత్రం ఏమీ లేదు. అయినా బావమరిదిగా పుట్టాక తప్పుతుందా? నా దగ్గరున్న పాత బైనాక్యులర్ మెడలో వేసుకుని గైడ్‌నైపోయాను.

శనివారం చీకటితోనే బావ గచ్చిబౌలి పోయి శ్రీనివాస్ గారినీ, ఆయన భార్య మాధవి గారినీ ఎక్కించుకుని, ఏడు కావస్తుండగా రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ వచ్చాడు. శ్రీనివాస్ గారు పదమూడు పద్నాలుగు జేబులున్న ప్యాంటు తొడుక్కుని ముందు సీట్లో కూర్చున్నారు. మాధవి గారు మోచెయ్యంత పొడుగు లెన్సున్న కెమెరాతో మధ్య సీట్లో. నేను ఆమె పక్కన సంచుల మధ్య. అందరికన్నా వెనక మా అక్క, గిన్నెలు, రెండు గుడారాలు, ముఖానికి పసుపు పూసి బొట్టు పెట్టిన మేకపోతు.

"ఇదేంటండీ?" అన్నారు శ్రీనివాస్ గారు వెనక్కి తిరిగి.

"క్యాటరింగ్ సార్," అన్నాడు మా బావ గేరు మారుస్తూ.

తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కాం. కందుకూరులో ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, మంచినీళ్లు బాగాలేవు, మీరు మాత్రం సీసా కొనుక్కోండి. దారిపొడవునా శ్రీనివాస్ గారు మాకు ఆరుబయట పడుకోవడం ఎలాగో నేర్పించారు. నేల చదునుగా ఉండాలట. గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకోవాలట. మంచె మీద ఇరవై ఏళ్లు పడుకున్న మా బావ "అవునా సార్, అవునా సార్" అంటూ విన్నాడు.

"అన్నిటికన్నా ముఖ్యం, తిండి వస్తువులు గుడారంలో పెట్టకూడదండీ. తాడు కట్టి చెట్టుకు వేలాడదీయాలి. లేకపోతే వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి."

అక్క వెనకనుంచి నా భుజం తట్టింది. "తమ్మీ, మేకను గూడ ఏలాడదియ్యాల్నా?"

ఎనిమిదిన్నరకల్లా మైసిగండి చేరాం. బావ బండాపి, చేతులు రుద్దుకుంటూ "ఒక్క గంట సార్, ఫ్రెష్ మటన్," అన్నాడు. శ్రీనివాస్ గారి మొహం పాలిపోయింది.

"యాదయ్య గారూ, ఇవాళ శనివారమండీ! మేం శనివారం ముట్టం. ముట్టడం కాదు, చూడనే కూడదు. మాధవికి అసలే కళ్లు తిరుగుతాయి."

మాధవి గారు అప్పటికే అటు తిరిగి కొండల ఫోటోలు తీస్తున్నారు. బావ అక్క వైపు చూశాడు, శ్రీనివాస్ గారి వైపు చూశాడు. కాంట్రాక్ట్ ఏ వైపు ఉందో మనందరికీ తెలుసు కదా.

"గట్లైతే రేపు వాపస్ వచ్చేటప్పుడు చేద్దాం సార్. ఆదివారం ఇంకా మంచిది."

"మరి అప్పటిదాకా మేకనేం జేస్తవ్?" అంది అక్క. ఇంటికి పంపడానికి లేదు. బొట్టు పెట్టి గడప దాటించిన మేకను మళ్లీ ఇంట్లో కట్టెయ్యకూడదు. గుడి దగ్గరి దుకాణంలో అప్పజెప్దామంటే అక్కకు నమ్మకం లేదు. "పసుపు కడిగి ఇంకొకరికి అమ్ముతరు. రేపు వస్తె మనకు ముసలి మేకను అంటగడ్తరు. అమ్మవారికి నేనేం జెప్పాలె?" ఇదీ న్యాయమే.

అలా, ఎవరి మాటలోనూ తప్పు లేకుండా, అందరూ సక్రమంగా ఆలోచించి, మేము ఒక బతికున్న మేకను తీసుకుని పులులుండే అడవికి బయల్దేరాం.

ఆమనగల్లు, కల్వకుర్తి దాటి డిండి దగ్గర ఆగాం. రోడ్డు పక్క చేపలు వేయిస్తున్నారు. తినే అదృష్టం మాకు లేదు, మీరు శనివారం కాకుండా వెళ్లండి. చేపలమ్మే ఆవిడ బండి వెనకద్దంలోంచి మేకను చూసి, "ఏడికి పోతున్నరన్నా, మేకకు శ్రీశైలం చూపిస్తున్నరా?" అని అడిగింది. బావ గబగబా బండి తీశాడు. ఆయనకు అప్పటికే చెమట పడుతోంది. అడవిలో గుడారం వేయడానికి అనుమతి అంతా సెట్ చేశానని చెప్పాడు గాని, ఆ సెట్టింగ్ అంతా మన్ననూరులో చాయ్ హోటల్ నడిపే ఒకతనితో ఫోన్లో జరిగిందని నాకు డిండి దాటాకే తెలిసింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మన్ననూరు. అక్కడే అడవి మొదలు, అక్కడే చెక్‌పోస్టు. శ్రీశైలం పోయే బండ్లన్నీ ఆగి, రుసుము కట్టి కదులుతాయి. మా వంతు వచ్చేసరికి బావ మేక మీద గుడారం గుడ్డ కప్పించాడు. ఖాకీ చొక్కా మీద మఫ్లర్ చుట్టుకున్న పెద్ద వయసు గార్డు ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి ఎంతమంది అని అడిగాడు. బావ "ఐదుగురం సార్" అన్నాడు. మేక అప్పుడే అరిచింది.

గార్డు వెనక తలుపు తీశాడు. గుడ్డ పక్కకు లాగి, పసుపు ముఖంతో తనవైపే చూస్తున్న మేకను కాసేపు చూశాడు.

"ఏమన్నా, పులికి పార్సిల్ తెచ్చిన్రా?"

అందరం నవ్వబోయాం. ఆయన నవ్వలేదు. అందర్నీ దిగమన్నాడు. సామాను బయట బల్ల మీద పెట్టించాడు. మేకను కోశాక ముక్కలు కొట్టడానికి అక్క తెచ్చిన పెద్ద కత్తి. తిండి వేలాడదీయడానికి శ్రీనివాస్ గారు తెచ్చిన మోకు. అర కిలోమీటరు దాకా వెలుగు పడే ఆయన విదేశీ టార్చి. మాధవి గారి పొడుగు లెన్సు. నా బైనాక్యులర్. వీటన్నిటి పక్కన మేక. ఒక్కొక్కటిగా ఇంట్లో ఉన్నప్పుడు వీటిలో ఏ దోషమూ కనిపించలేదు. అన్నీ ఒక బల్ల మీదికి చేరాక నాకే మా మీద అనుమానం వచ్చింది.

"జంతువుల్ని ఏటాడెటోళ్లు గిట్లనే వస్తరు," అన్నాడు గార్డు. "మేకను ఎరగట్టి, లైటు పట్టుకొని, చెట్టెక్కి కూసుంటరు. గీ సామానుతోని మిమ్మల్ని నేను లోపటికి వదిలితే రేపు నా నౌకరి ఉండదు. నువ్వెవరు?"

"గైడ్‌ని," అన్నాను నేను, బావకిచ్చిన మాట ప్రకారం.

"ఏ అడవికి?"

దానికి నా పాఠ్యపుస్తకంలో జవాబు లేదు.

"సరే. మేక ఎవలది?"

ఇదీ ఆ రోజు అడిగిన అసలు ప్రశ్న. గార్డు చేతిలో పెన్ను ఉంది. వెనక ఆగిన బస్సులోంచి జనం మెడలు చాచి చూస్తున్నారు. శ్రీనివాస్ గారు ముందుగా తేరుకున్నారు.

"చూడండి, మేం ప్యాసింజర్లం. ఆ మేకతో మాకు ఎలాంటి సంబంధమూ లేదు." ఇదే మాట ఇంగ్లీషులో ఇంకొంచెం గట్టిగా చెప్పి, మా బావ వైపు తిరిగారు. "యాదయ్య గారూ, ఏంటిదంతా? నేను పోలీసు కేసుల్లో ఇరుక్కునే డ్రైవర్‌ని ఆఫీసులో ఎలా రికమెండ్ చేస్తానండీ?"

మా బావ గార్డు వైపు తిరిగాడు.

"మేక నాది గాదు సార్," అన్నాడు. "నేను డ్రైవర్‌ని. కిరాయికొచ్చిన."

"మరి ఎవలది?"

"ఆమెది."

పద్దెనిమిదేళ్ల కాపురం తర్వాత మా అక్క 'ఆమె' అయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయేసరికి అక్కే మేక తాడు చేతికి చుట్టుకుని ముందుకొచ్చింది.

"నాదే సారు. గీ బండికి, తోలెటాయనకు ఏ దెబ్బ తాకకుంట చూడు తల్లీ అని మైసిగండి అమ్మకు మొక్కిన. నిన్ననే కోసేదుండె, సార్లకు శనివారం అడ్డమొచ్చింది... నిన్న గాదు, పొద్దుగాల. కేసు రాస్తె నా పేరు మీదనే రాయిండ్రి. సత్తెమ్మ."

గార్డు పెన్ను దించాడు. "తోలెటాయన ఎవరమ్మా?"

"ఏమో సారు," అంది అక్క. "కిరాయి డ్రైవరంట."

గార్డు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. లోపలికి పోయి పై అధికారితో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. కేసు లేదు. మేక మాత్రం గేటు దాటడానికి వీల్లేదు. ఊరి జీవాల రోగాలు అడవి జంతువులకు అంటుతాయట, ఎర సంగతి సరేసరి. ఇంకోమాట, లోపల గుడారాలు వేసుకోవడానికి ఎవరికీ అనుమతి లేదట, అది ఎవరు సెట్ చేశామన్నా సరే. "గేటు బయట మూతవడ్డ టిఫిన్ సెంటర్ ఉంది. దాని ఎనక జాగల పండుకోండ్రి. మంట మాత్రం పెట్టకుండ్రి," అని కత్తి తన దగ్గరే ఉంచుకుని, పోయేటప్పుడు తీసుకోమన్నాడు.

ఆ విధంగా మా పర్వతారణ్య విడిది మూతపడ్డ టిఫిన్ సెంటర్ వెనక ఏర్పడింది. ఒక పక్క పాత పొయ్యి, ఇంకో పక్క విరిగిన బల్లలు, ఎదురుగా లారీలు. శ్రీనివాస్ గారి విదేశీ గుడారం నిలబెట్టడానికి గంట పట్టింది. అందులో సగంసేపు దాన్ని తిరగేసి నిలబెట్టామని తర్వాత తేలింది. మా బావ గుడారం కాటేదాన్‌లో లారీల మీద కప్పే పట్టాలు కుట్టే ఖలీల్ భాయ్ దగ్గర కుట్టించింది. నాలుగు కర్రలు, ఒక పట్టా, అయిపోయింది. గాలి ఎటునుంచి వీస్తుందో శ్రీనివాస్ గారు వేలు తడిపి చూశారు. గాలి శ్రీశైలం పోయే లారీల వైపునుంచి, డీజిల్ వాసనతో వీస్తోంది.

అభయారణ్యం అని రాసున్న బోర్డు పక్కన మాధవి గారు ఆయన్ని నిలబెట్టి ఫోటో తీశారు. టిఫిన్ సెంటర్ పడకుండా మూడుసార్లు తీయాల్సి వచ్చింది.

సాయంత్రం అక్క కిరోసిన్ స్టవ్ మీద అన్నం, పప్పు వండింది. అందరికీ వడ్డించింది. బావకూ వడ్డించింది. కాకపోతే మాకందరికీ "ఇంకొంచెం ఏస్తనా" అని అడిగింది, ఆయన్ని అడగలేదు. బావ ఖాళీ కంచంతో కాసేపు కూర్చున్నాడు. తర్వాత గిన్నెలు కడిగే చోటికి పోయి గొణిగాడు: "కాంట్రాక్ట్ పోతదని అట్ల అన్ననే. నీకోసమే గద గీ పరేషానంత."

అక్క మేక ముందు ఆకులు వేస్తూ, దానితోనే మాట్లాడింది. "తిను బిడ్డా. ఇంటినించి తెచ్చినోళ్లెవలో నీకన్న యాదికున్నదా?"

నేను గుడారంలోకి దూరి దుప్పటి ముసుగు తన్నాను.

ఆదివారం తెల్లవారుతుండగా కేక వినిపించి బయటికొచ్చాం. ఎలుగుబంటి రాకుండా శ్రీనివాస్ గారు శాస్త్రప్రకారం చెట్టుకు వేలాడదీసిన సంచీలో కోతులున్నాయి. బ్రెడ్డు, జామ్, అరటిపళ్లు, ఆయన బి.పి. మాత్రలు తప్ప అన్నీ తినేశాయి. విదేశంలో కోతులుండవన్న సంగతి ఆయన ఆలోచించలేదు. ఆయన్ని చూస్తే పాపం అనిపించింది. ఒక పావుగంట.

ఆరున్నరకు అటవీశాఖ జీపు మాట్లాడుకుని ఫరహాబాద్ వ్యూపాయింట్‌కు బయల్దేరాం. మనిషికింత అని ఉంటుంది, ఆదివారం పొద్దున్నే పోతేనే జీపు దొరుకుతుంది. మేకను వదిలి రానని అక్క టిఫిన్ సెంటర్ దగ్గరే ఉండిపోయింది. బావ ఉండిపోతాడనుకున్నాను. కాని శ్రీనివాస్ గారి నీళ్ల సీసా పట్టుకుని ఆయన వెనకే జీపెక్కాడు.

అడవి గురించి నిజం చెప్పాలంటే, అంత బాగుంటుందని నేననుకోలేదు. వెలిసిన గడ్డి మీద మంచు, దారికడ్డంగా చుక్కల దుప్పులు, ఏ తొందరా లేకుండా మమ్మల్ని చూసి పక్కకు జరిగాయి. కొండ చివర నిలబడి చూస్తే కింద లోయంతా తెల్లటి పొగ, దాని మీద కొండ వెనక కొండ, ఎక్కడా ఒక్క టవరు లేదు, ఒక్క ప్లాటు రాయి లేదు. శంషాబాద్ చుట్టుపక్కల అలాంటి నేల చూసి ఎన్నేళ్లయిందో. గైడ్‌గా ఏదో ఒకటి చెప్పాలని కూడా అనిపించలేదు. పులి కనిపించలేదు. దాని అడుగులని జీపు డ్రైవర్ చూపించినవాటిని మాధవి గారు ఇరవై ఫోటోలు తీశారు.

శ్రీనివాస్ గారు ఫోన్ సిగ్నల్ కోసం చెయ్యెత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు బావ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీ అక్క గూడ వస్తె మంచిగుండు," అన్నాడు.

"ఎవరు బావా? ఆమెనా?"

ఆయన శ్రీనివాస్ గారి నీళ్ల సీసా మూత మళ్లీ బిగించాడు.

పదింటికల్లా గార్డు దగ్గర కత్తి తీసుకుని బయల్దేరాం. "అమ్మా, అమ్మవారికి మా దండం గూడ చెప్పు," అన్నాడాయన అక్కతో. మధ్యాహ్నానికి మైసిగండి. ఆదివారం కాబట్టి చెట్టుకొక కుటుంబం, కుటుంబానికొక పొయ్యి. దిగగానే శ్రీనివాస్ గారు, మాధవికి వాసన పడదు, ఏసీ వేసి బండి కాస్త దూరంగా నీడలో పెట్టండి అన్నారు. బావ బండిని, వాళ్లనీ తీసుకుని చింతచెట్ల వైపు పోయాడు. మేకను గుడి చుట్టూ తిప్పడానికి ఇంటాయన ఎవరని పూజారి అడిగాడు. అక్క ఒక్కసారి చింతచెట్ల వైపు చూసి, తాడు తనే పట్టుకుంది.

మేక మీద పసుపునీళ్లు చల్లినప్పుడు అది ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కొన్ని మేకలు గంటలు గంటలు మొండికేస్తాయి, జనం చేతులు జోడించి ఎదురుచూస్తుంటారు. మాది నీళ్లు పడీ పడగానే తల నుంచి తోక దాకా విదిలించింది. రెండు రోజులుగా మాతో తిరిగి అదీ విసిగిపోయి ఉంటుంది. అక్క కళ్లు తుడుచుకుంది. మూడేళ్లుగా ఆ మనిషి ప్రతి ఫోన్ మోతకూ ఉలిక్కిపడటం నేను చూశాను, ఆ బరువు దిగింది.

అక్కడే కూలికి వండిపెట్టేవాళ్లుంటారు, రుచిగా వండుతారు, మీరు గిన్నెలు మోసుకుపోనక్కర్లేదు. మూడింటికి విస్తళ్లు వేశాం. మాధవి గారు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. శ్రీనివాస్ గారికి శనివారం దాటిపోయింది. నిన్న ఏ మేకతో తనకు ఎలాంటి సంబంధమూ లేదో ఆ మేకనే మూడుసార్లు వడ్డించుకుని, "నల్లిబొక్క ఏమైనా ఉందా అండీ?" అని అడిగారు. అక్క వెతికి వేసింది. బావ మాత్రం తల వంచుకుని తిన్నాడు, కాని తక్కువేం తినలేదు.

ముందుగా వాళ్లను దింపాలి కాబట్టి తుక్కుగూడలో రింగ్ రోడ్డెక్కి, శంషాబాద్ దాటుకుని నేరుగా గచ్చిబౌలి పోయాం. అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి ఆగింది. సామాను దించాక శ్రీనివాస్ గారు బావ భుజం మీద చెయ్యేశారు.

"చిన్న చిన్న లోపాలున్నా, ఓవరాల్‌గా బాగుందండీ. రేపు ఆఫీసులో మీ గురించి మాట్లాడతాను. నిజం చెప్పాలంటే నిన్న చెక్‌పోస్టు దగ్గర భయపడ్డాను. ఆ మేక మీది కాదని మీరు క్లియర్‌గా చెప్పారు చూడండీ, అప్పుడు నాకు మీ మీద నమ్మకం కుదిరింది. ఫ్యామిలీ వేరు, డ్యూటీ వేరు. అదే ప్రొఫెషనలిజం."

బావ నవ్వాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. వెనక సీట్లో అక్క ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది, ఆ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"సార్," అన్నాడు బావ. "మేక నాదే సార్."

"అంటే?"

"ఆమె నా భార్య. మొక్కింది ఆమె, మొక్కింది నాకోసం. మేకను కొన్నది నేను, బండెక్కిచ్చింది నేను. నిన్న అబద్ధం చెప్పిన."

శ్రీనివాస్ గారు చెయ్యి మెల్లగా తీసేశారు. "అలాగా," అన్నారు. గేటు వైపు చూశారు. "సరే, చూద్దాం లెండి యాదయ్య గారూ. నేనే ఫోన్ చేస్తాను." ఆ ఫోన్ రాలేదు. విమానం దిగినప్పుడు కూడా ఆయన మళ్లీ మా బావను పిలవలేదు.

తిరుగు దారిలో ముందు సీటు ఖాళీగా ఉంది. అక్కను రమ్మంటే, ఇక్కడే బాగుందని వెనకే కూర్చుంది. నల్లమల సంగతి అడిగితే, తప్పకుండా చూడాల్సిన చోటని చెప్తాను. పొద్దున్నే జీపెక్కండి, ఆ కొండ చివర కాసేపు ఊరికే నిలబడండి. మనం అమ్ముకుందీ, పోగొట్టుకుందీ ఎంతో అక్కడ నిలబడితే తెలుస్తుంది. గుడారం మాత్రం వద్దు, మన్ననూరులో గదులు దొరుకుతాయి.

హిమాయత్ సాగర్ దాటాం. బావ చాలాసేపటినుంచి అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. పెద్ద పని చేసినవాడి మొహం పెట్టుకుని, ఎవరైనా ఒక మాట అంటారేమోనని ఎదురుచూస్తున్నాడు. ఎవరూ అనకపోయేసరికి తనే అన్నాడు.

"కాంట్రాక్ట్ పోతె పాయె అనుకొని సార్‌కు మొకం మీదనే చెప్పిన. ఇన్నవా? మేక నాదేనని చెప్పిన."

అక్క గిన్నెల సంచి మూతి ముడేసింది.

"ఎప్పుడు చెప్పినవ్?" అంది. "తిన్నంక చెప్పినవ్."